లంద, మోట, మరమ్మతు

శామీర్‌పేట పెద్దచెరువు ఆయకట్టు ముగిసిన దగ్గర్నుంచి మేడ్చల్ వైపు పరుచుకున్న నేల చాలామటుకు చెల్క. చెరువు నీళ్లు ఎక్కని ఆ నేలను బావులు బతికించాయి. ఆ బావుల్లోంచి నీళ్లను గట్టుమీదికి తెచ్చింది తోలు. కరెంటు మోటార్లు రాకముందు తెలంగాణ మెట్ట ఊళ్లలో ఎక్కడైనా ఇదే కథ. బావిమీద మోట, ఎడ్ల మెడలో పట్టెడ, కాడికి కట్టే వార్లు, చెర్నాకోల కొస, దున్నేవాడి కాళ్లకు కిర్రుచెప్పులు, కమ్మరి కొలిమికి గాలి ఊదే తిత్తి, జాతరలోనూ చావులోనూ మోగే డప్పు... ఊరి బతుకులో తోలు తగలని పని వెతికితే దొరకడం కష్టం. నిజాం కాలంలో అత్రాఫ్ బల్దా జిల్లాలో ఒక తాలూకాగా ఉన్న మేడ్చల్, 1978లో రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2016లో తన పేరుతోనే ఒక జిల్లా ఏర్పడింది. ఈలోగా చెల్కలు కొన్ని ద్రాక్షతోటలయ్యాయి, ద్రాక్షతోటలు వెంచర్లయ్యాయి. ఒకపక్క ఔటర్ రింగు రోడ్డు, ఇంకోపక్క జీనోమ్ వ్యాలీ వచ్చాయి. మోటబావులు పూడిపోయాయి. వాటితోపాటు ఊరి చివర మాదిగవాడలో తోలు ఊనే లంద, దాని చుట్టూ అల్లుకున్న పనీ మాటా కూడా పోయాయి. ఇప్పుడు అదే నేలమీద లేచిన అపార్ట్‌మెంట్లలో, ఆఫీసు పని అయ్యాక సరదాగా తోలు కత్తిరించి పర్సులూ బెల్టులూ కుట్టుకునే వాళ్లు కనబడుతున్నారు. ఏ తోలు కొనాలి, అంచు ఎలా నునుపు చేయాలి, కుట్టు ఎందుకు వదులవుతోంది అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఈ ప్రశ్నలన్నిటికీ ఒకప్పుడు ఈ ఊళ్లలోనే జవాబులుండేవి. ఆ జవాబులు ఎక్కడ పుట్టాయి, ఎందుకు నిలిచాయి, ఎందుకు పోయాయి అన్నది ఆలోచించదగ్గ విషయం.

పాత చేతిపనుల గురించి మాట్లాడేటప్పుడు మనకు అలవాటైన వివరణ ఒకటుంది. తరతరాలుగా అదే పని కాబట్టి ఆ నేర్పు వాళ్లకు పుట్టుకతో వచ్చిందంటాం, వంశంలోనే ఉందంటాం. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది కానీ ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, నేర్చుకున్నదాన్ని నెత్తురుకు అంటగట్టడం వల్ల నేర్చుకోవడానికి పడ్డ కష్టం లెక్కలోకి రాకుండా పోతుంది. రెండు, కులం లేకపోతే నేర్పు కూడా ఉండదన్న అర్థం అందులో దాగి ఉంటుంది. నా వాదన వేరు. తోలుపని ఎవరు చేయాలో కులం నిర్ణయించింది, నిజమే. ఆ పని బాగా జరగడానికి మాత్రం కారణం మరమ్మతు. చేసినవాడు, వాడినవాడు ఒకే ఊళ్లో ఉండి, తెగిన వస్తువు తెగినచోటితో సహా చేసినవాడి ఒళ్లోకే తిరిగి రావడం వల్ల ఆ జ్ఞానం పదునెక్కింది. ఈ తేడాను గుర్తించకపోతే పోయిన బతుకును తలుచుకోవడం రెండే దారుల్లో పోతుంది: అయితే కులవృత్తిని పొగడాలి, లేదా పీడతోపాటు ఆ జ్ఞానాన్ని కూడా మరిచిపోవాలి. రెండూ మనకు అక్కర్లేదు.

మొదట లంద సంగతి. పచ్చితోలు రెండు రోజులు దాటితే కుళ్లుతుంది, ఎండబెడితే రేకులా బిర్రబిగుస్తుంది. దాన్ని కుళ్లకుండా, విరగకుండా, వంగేట్టు చేయడమే ఊనడం. తోలును నీళ్లలో నానబెట్టి, సున్నపు గోలెంలో కొన్ని రోజులు ఉంచితే వెంట్రుక కుదుళ్లు వదులవుతాయి. అప్పుడు వాలుగా పెట్టిన దుంగమీద పరిచి, ఒకవైపు వెంట్రుకలు, రెండోవైపు అంటుకున్న మాంసపు పొరలు మొద్దుకత్తితో గీకేయాలి. సున్నం లోపల మిగిలితే తోలు పెళుసవుతుంది కాబట్టి బాగా కడిగి, పులిసిన తవుడు నీళ్లలో వేసి మెత్తబరచాలి. ఆ తర్వాత తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే పువ్వు, 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన పువ్వు ఏ పొదకు పూస్తుందో, ఆ పొద కొమ్మల బెరడే లందకు ప్రాణం. కొమ్మలు కొట్టి బెరడు ఒలిచి, దంచి, నానబెట్టిన రసంలో తోలును దించుతారు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. మొదటి రోజే చిక్కటి రసంలో వేస్తే పైపొర గట్టిపడిపోయి లోపలికి రసం దిగదు. అందుకని వాడేసిన పలుచని రసంతో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ చిక్కన పెంచుతూ పోవాలి. పెద్ద తోళ్లనైతే సంచిలా కుట్టి, లోపల చెక్కా రసమూ నింపి వేలాడదీసే పద్ధతి కూడా దక్కన్‌లో ఉండేది. ఊనడం పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. అంచున చిన్న ముక్క కోసి చూస్తే పైనుంచి కిందిదాకా ఒకే రంగు ఉండాలి. నడుమ సన్నగా తెల్లటి గీత కనబడితే లోపల ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. చివర్లో కరక్కాయ రసం పెడితే తంగేడు తోలు వెలుతురుకు ఎర్రబారకుండా కొంత ఆగుతుంది. ఇంటిల్లిపాదీ వారాల తరబడి చేసే ఈ పనిలో ప్రతి మెట్టుకూ కారణం ఉంది. ఆ కారణాన్ని రసాయనశాస్త్రం తర్వాత తన భాషలో చెప్పింది: బెరడులోని టానిన్లు తోలులోని కొలాజెన్ పోగులను పట్టుకుని, వాటిని కుళ్లించే సూక్ష్మజీవులకు అందకుండా చేస్తాయి.

ఇలా తయారైన తోలుకు పెద్ద పరీక్ష మోట. మోటను చూడని తరానికి అది ఎద్దులు లాగే పెద్ద బొక్కెన అనిపించవచ్చు. నిజానికి అది తనంతట తానే నీళ్లు గుమ్మరించుకునే యంత్రం. పైన వెడల్పుగా నోరున్న తోలుసంచి, దాని అడుగున గొట్టంలా సాగిన తొండం ఉంటాయి. లావుపాటి మోకు పై గిలకమీదుగా పోయి సంచిని పట్టుకుంటుంది. సన్నతాడు కింది గిలకమీదుగా పోయి తొండం కొసను పట్టుకుంటుంది. రెండూ ఎడ్ల కాడికే కట్టి ఉంటాయి. బావిలో ఉన్నంతసేపూ తొండం పైకి మడిచి ఉంటుంది కాబట్టి నీళ్లు కారవు. ఎడ్లు వాలుదారిలో దిగేకొద్దీ సంచి పైకొస్తుంది. గట్టు దగ్గరికి రాగానే తొండం కొస కింది గిలక దాటి చాచుకుంటుంది, నూరు లీటర్లకు పైబడ్డ నీళ్లు మనిషి చేయి పెట్టకుండానే కాలువలో పడతాయి. రోజంతా నానుతూ, బరువు మోస్తూ, రాతిగోడకు రాసుకుంటూ ఉండే ఈ వస్తువు ఎక్కడ ముందు పోతుందో తోలు కుట్టేవాడికి తెలిసి ఉండాలి. సంచి కంటే ముందు తొండం పగులుతుంది, అదీ మడతపడే చోట. అందుకే సంచికి వీపు తోలు, తొండానికి కొంచెం మెత్తగా వంగే తోలు వాడాలి. దారం నానితే కుళ్లుతుంది కాబట్టి కుట్టుకు తోలు వారే వాడాలి. ఆరెతో పొడిచే కంత వారు కంటే సన్నగా ఉండాలి, తడిసినప్పుడు వారు ఉబ్బి ఆ కంతను తానే మూసేస్తుంది. తర్వాతి రోజుల్లో సంచి స్థానంలో ఇనుపరేకు బాన వచ్చినచోట్ల కూడా తొండం తోలుదే మిగిలింది. రోజుకు వందలసార్లు మడతపడి విచ్చుకునే పని ఇనుముకు చేతకాలేదు.

ఈ ఎరుక అంతా ఎలా పోగుపడింది? రైతుకూ తోలుపని చేసేవాడికీ మధ్య డబ్బు లావాదేవీ తక్కువ. పంట చేతికొచ్చాక కల్లం దగ్గర మేర కొలిచేవాళ్లు. అంటే వస్తువుకు ఇంత అని ధర లేదు, ఏడాది పొడుగునా ఆ రైతు మోటా చెప్పులూ వార్లూ పనిచేసేట్టు చూసినందుకు గింజల్లో ఒక వాటా. ఈ ఏర్పాటులో ఒక లెక్క దాగి ఉంది. మోట త్వరగా తెగితే చేసినవాడికి అదనంగా వచ్చేదేమీ లేదు, అదనంగా పని మాత్రం పడుతుంది. గట్టిగా చేస్తే ఆ ఏడాది తన రెక్కలకు కాస్త విశ్రాంతి. అందువల్ల ఎక్కడ ముందు తెగిందో గమనించి, వచ్చేసారి అక్కడ మందం పెంచడం వాడి అవసరమే. మరమ్మతుకు వచ్చిన వస్తువే పాఠం. దానిచుట్టూ మాట కూడా నడిచేది. “పటేలా, తొండం మడతకాడ పగిలింది సూడు, తడి ఆరకముందే ఎండల ఆరేసిండ్రా ఏంది?” అని ఇవతలివాడు అడిగితే, “ఎండల ఎవడేసిండు, గోడకు రాసుకుంటాంది” అని అవతలివాడి జవాబు. మాట చిన్నదే కానీ అందులో తప్పు తోలుదా, కుట్టుదా, వాడకానిదా అన్న విచారణ ఉంది. నీడన ఆరబెట్టు, కానుగ నూనె పట్టించు, బావి ఒరుగు సరిచేయించు అన్న సలహాలు అలాంటి విచారణలోంచే వచ్చాయి. చెప్పులకూ అంతే. బొటనవేలు దూరే ఉంగటం ముందు తెగుతుంది, మడమ బయటివైపు ముందు అరుగుతుంది, కొత్త చెప్పు ఫలానా చోట కరుస్తుంది. ఒక ఊరి వాళ్ల నడక తెలిసినవాడు వాళ్ల కాళ్లకు చెప్పులు కుట్టడానికీ, బజారు కొలతకు కుట్టడానికీ చాలా తేడా ఉంది.

పనితనానికి మరమ్మతే మూలమని అనడానికి ఇంకో బలమైన సాక్ష్యం ఉంది. ఇవే ఊళ్ల నుంచి ఇంకో తోలు ప్రవాహం కూడా పోయేది. పచ్చితోళ్లు వర్తకుల చేతులమీదుగా మద్రాసు వైపు, అక్కడ తంగేడు చెక్కతో ఊని విదేశాలకు. ‘ఈస్టిండియా తోలు’ పేరుతో పంతొమ్మిదో శతాబ్దం నుంచే దానికి ఇంగ్లండులో గిరాకీ. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ల నుంచీ అధికారుల నుంచీ దశాబ్దాల తరబడి వినబడిన ఫిర్యాదు ఒకటే: భారతదేశపు తోళ్లమీద కత్తిగాట్లు ఎక్కువ, వాతల మచ్చలు ఎక్కువ, ఉప్పు సరిగ్గా పట్టించరు. ఇది గమనించాల్సిన విషయం. తోలు వలిచిన చేతులు అవే, కులం అదే, కత్తి అదే. ఊరి మోటకు కావలసిన తోలు విషయంలో అంత జాగ్రత్త పడ్డ మనుషులు అమ్మకపు తోలు విషయంలో ఎందుకు పడలేదు? ఆ గాటువల్ల నష్టపోయేవాడు సముద్రం అవతల ఉన్నాడు. గాటు లేకుండా వలిస్తే వచ్చే ఎక్కువ ధర నడుమ చేతుల్లోనే ఆగిపోయేది. వెళ్లిన తోలు తిరిగి రాదు, ఎక్కడ చిరిగిందో చెప్పేవాడు లేడు. రైతు కూడా అంతే. ఎద్దుకు జబ్బు చేస్తే కాల్చి వాతలు పెట్టేటప్పుడు ఆ తోలు రేపు ఎవరికో పనికొస్తుందన్న ఆలోచన అతనికి రావాల్సిన అవసరం లేదు. నేర్పు నెత్తుటిలోనే ఉంటే రెండుచోట్లా ఒకేలా కనబడాలి. కనబడలేదు. వస్తువు తిరిగొచ్చే దారి ఉన్నచోట కనబడింది, ఆ దారి లేనిచోట మాయమైంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. మేర అని మురిపెంగా చెబుతున్న ఏర్పాటు వెనక వెట్టి ఉంది కదా? ఉంది. తెలంగాణలో దేశ్‌ముఖులకూ పటేల్ పట్వారీలకూ చెప్పులూ మోటతోళ్లూ ఊరికే ఇవ్వాలి, కబురుమోయాలి, డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి. కాదంటే దెబ్బలు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటం మొదటగా ఎదిరించిన వాటిలో వెట్టి ఒకటి. కట్టుబానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1976లో గానీ రాలేదు. మేర ఇచ్చే రైతు దగ్గర కూడా సమానత్వం ఏమీ లేదు. తండ్రి వయసున్న పనివాణ్ని ‘ఏరా’ అని పిలిచేవాళ్లు. అతను కుట్టిన చెప్పులు వాకిట్లోకి వచ్చేవి కానీ అతను గడప తొక్కరాదు. ఆ తోలు తోడిన నీళ్లు మడి తడిపేవి, అతను మాత్రం ఊరి మంచినీళ్ల బావి దగ్గరికి పోరాదు. చచ్చిన గొడ్ల మాంసం, కళేబరాల మోత మానేయమని అంబేడ్కర్ 1920లలోనే పిలుపిచ్చారు. 1930లలో గాంధీ హరిజన్ పత్రికలో ఊరి చర్మపరిశ్రమను శుభ్రంగా, శాస్త్రీయంగా బాగుచేయాలని రాశారు. ఒకరు పని వదలమన్నారు, ఒకరు పనిని సంస్కరించమన్నారు. ఈ తగువులో లందను వదిలి వెళ్లినవాళ్లు అంబేడ్కర్ మాటనే పాటించారు, పాటించడం న్యాయమే. సున్నపు నీళ్లకు చేతులు పగిలి, కంపు ఒంటికంటి, ఆ కంపునే సాకుగా చూపించి దూరం నెట్టిన ఊరికోసం ఆ పని చేస్తూనే ఉండాలని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఈ అభ్యంతరం నా వాదనను కూల్చదు, ఇంకా తేటపరుస్తుంది. వెట్టి, మేర రెండూ ఒకే ఊళ్లో నడిచాయి, కానీ అవి పనిని ఒకేలా పెంచలేదు. భయంవల్ల కూడా మంచి వస్తువు తయారవుతుంది కదా, దొర చెప్పులు మెరిసేవి కదా అనవచ్చు. మెరిసేవి. భయం పనిని చేయించగలదు గానీ మెరుగుపరచలేదు. దొరకు చెప్పు ఎక్కడ కరిచిందో ఎదురు అడిగే చొరవ కుట్టినవాడికి లేదు. తప్పు వాడకంలో ఉందని చెప్పే నోరు అసలే లేదు. మెరుగుపరచాలంటే రెండువైపులా మాట నడవాలి. మేర ఇచ్చే చిన్నరైతు దగ్గర ఆ మాట కొంతైనా నడిచింది, అతనికీ పనిచేసేవాడికీ మోట ఆగితే ఎండేది ఒకే పొలం కాబట్టి. కులం ఆ మాటను కూడా సగంలోనే ఆపింది. లందలో తెలిసిన సంగతి వ్యవసాయ గ్రంథాల్లోకి ఎక్కలేదు, బడిలో పాఠం కాలేదు, వేరే చేతులకు అందలేదు. పనివాళ్లకు తమ జ్ఞానాన్ని గౌరవంగా చెప్పుకునే చోటు ఒక్క జాంబపురాణంలోనే మిగిలింది. డక్కలివాళ్లు బొమ్మల పటం చూపిస్తూ, మాదిగల ఆదిపురుషుడు జాంబవంతుడి కథ మాదిగల ముంగిట్లోనే చెప్పేవాళ్లు. అంటే ఇక్కడి నాణ్యత కులం పుణ్యమా అని రాలేదు, కులం అడ్డుపడినా వచ్చింది. అడ్డు లేకపోతే అది ఇంకెంత ఎదిగేదో ఆలోచించుకోవాల్సింది మనమే.

రెండో అభ్యంతరం సాంకేతికం. మోటారు వచ్చాక మోట ఎందుకు, రబ్బరు చెప్పు వచ్చాక కిర్రుచెప్పు ఎందుకు, క్రోమ్ పద్ధతి వచ్చాక వారాల తరబడి లంద ఎందుకు అంటారు. మోటారు విషయంలో ఒప్పుకోవాల్సిందే. గంటల తరబడి ఎడ్లనూ మనిషినీ అరగదీసిన మోట మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. ద్రాక్షతోటలు వేసినవాళ్లు మోటలమీద ఆధారపడి ఉంటే ఈ చుట్టుపక్కల ఒక్క అనాబ్-ఎ-షాహి గుత్తి కూడా కాసేది కాదు. క్రోమ్ సంగతి ఇంకొంచెం చిక్కైనది. క్రోమియం లవణాలతో తోలు ఒకటి రెండు రోజుల్లో ఊనుతుంది, మెత్తగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం అదే. మద్రాసులో 1903 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ క్రోమ్ ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్న లక్ష్యాల్లో బావుల్లో నీళ్లు తోడే తోలు బొక్కెనలను ఇంకా ఎక్కువకాలం మన్నేట్టు చేయడం ఒకటి. అంటే కొత్త సాంకేతికత కూడా మొదట అడిగింది ఊరి మోట అడిగిన ప్రశ్ననే: నానినా పోకుండా ఎలా? తేడా ఏమిటంటే, ఆ ప్రశ్నను ప్రయోగశాల అడిగితే శాస్త్రమైంది, లంద అడిగితే అంటు అయింది. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు రసాయనశాస్త్రం చదివి, మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు డైరెక్టరై, దేశ వైజ్ఞానిక పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. ఆయన గొప్పతనం నిజమైనదే, ఆ గౌరవం ఆయనకు తగినదే. కానీ ఒకే తోలు ఒకచోట మనిషికి పేరు తెచ్చి, ఇంకోచోట మనిషిని ఊరి బయట నిలబెట్టిందంటే, ఆ మైల తోలుది కాదని అందులోనే తేలిపోతుంది. కంచ ఐలయ్య 2009లో వచ్చిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలని పిలిచారు. కొందరికి అది అతిశయోక్తిగా తోచింది. లందలో పలుచని రసం నుంచి చిక్కటి రసానికి పోయే వరస చూశాక ఆ మాట ఎక్కువేమీ అనిపించదు.

ఇక నేటి సరదా పనివాళ్ల సంగతి. వాళ్ల మాటల్లో తరచుగా వచ్చేవి చూస్తే పాత పనివాడికి ఒక్కటీ కొత్త కాదు. బెల్టు ఎందుకు సాగిపోతోంది? పొట్టభాగం తోలు సాగుతుంది, వెన్ను వెంబడి నిలువుగా కోసిన వారు తక్కువ సాగుతుంది. అచ్చులో పెట్టి ఒత్తినా ఆకారం ఎందుకు నిలవడం లేదు? అది క్రోమ్ తోలై ఉంటుంది. చెక్కతో ఊనిన తోలునే తడిపి ఒత్తి, నీడన ఆరబెడితే ఒత్తినట్టే నిలుస్తుంది. కొన్నది ఏ తోలో ఎలా తెలుస్తుంది? అంచు కోసి చూస్తే లోపల నీలిబూడిద రంగు ఉంటే క్రోమ్, గోధుమ రంగు ఉంటే చాలావరకు చెక్కది. రంగు వేసినదైతే చిన్న పీలిక కాల్చాలి, క్రోమ్‌దైతే బూడిదలో పచ్చఛాయ మిగులుతుంది. కుట్టు ఒకచోట తెగితే మొత్తం ఎందుకు ఊడిపోతోంది? మిషన్ కుట్టులో పైదారం కిందిదారం ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉంటాయి, ఒకటి తెగితే పక్కవి వదులవుతాయి. ఒకే దారానికి రెండు సూదులు కట్టి, ప్రతి కంతలోనూ రెండువైపుల నుంచీ దూర్చి బిగిస్తే ఒక కుట్టు పోయినా మిగతావి పట్టుకునే ఉంటాయి. దారానికి మైనం ఎందుకు? దారం జారి తోలును కోయకుండా, తడి లోపలికి పోకుండా. అంచు ఎలా నునుపవుతుంది? కొంచెం తడిచేసి కట్టెతో వేడెక్కేదాకా రుద్దితే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. అయితే అది కూడా చెక్కతోలుకే బాగా కుదురుతుంది. ఆరె, రంపె, గూటం పట్టుకుని పెరిగినవాడికి ఇవి సలహాలుగా కూడా తోచవు, రోజువారీ మాటలు అంతే.

అలాంటప్పుడు పోయిందేమిటి, అంతా వీడియోల్లో దొరుకుతోంది కదా అన్నది చివరి అభ్యంతరం. దొరుకుతోంది. పైగా ఇవాళ తోలు కుట్టేవాడు ఏ కులంవాడైనా కావచ్చు, ఆడవాళ్లు కావచ్చు, ఇష్టం లేనిరోజు మానేయవచ్చు. ఈ స్వేచ్ఛ పాత ఊరు ఇవ్వలేనిది, దీన్ని చిన్నబుచ్చడానికి వీల్లేదు. కానీ ఈ పనిలో ఒక లోటు ఉంది. కుట్టిన పర్సు స్నేహితుడికి కానుకగా పోతుంది. రెండేళ్లకు దాని మూల చిరిగితే అతను మొహమాటంతో చెప్పడు, కొత్తది కొనుక్కుంటాడు. కుట్టినవాళ్లకు తమ పని ఎక్కడ ఓడిపోయిందో తెలిసే అవకాశమే రాదు. వీడియో ఎలా కుట్టాలో చెబుతుంది, తెగినదాన్ని చూసి ఎందుకు తెగిందో చెప్పలేదు. ఎందుకంటే ఆ తెగిన ముక్క దాని చేతిలో లేదు. అందుకే సరదా పనివాళ్లు వస్తువు చూపుకు ఎంత అందంగా ఉందన్న దగ్గర ఆగిపోతుంటారు, ఎన్నేళ్లు మన్నిందన్న లెక్క వాళ్ల మాటల్లోకి అరుదుగా వస్తుంది. పాత ఊళ్లో మాట మొదలయ్యేదే తెగిన దగ్గర. బీదరికం వల్లే మరమ్మతు చేసుకున్నారు, డబ్బుంటే కొత్తది కొనేవాళ్లే అని ఎవరైనా అనవచ్చు. కొంతవరకు నిజం. కానీ బీదరికం మరమ్మతు ఎందుకు చేయించుకున్నారో చెబుతుందే తప్ప, ఆ మరమ్మతు నుంచి వచ్చేసారికి మేలైన మోట ఎలా పుట్టిందో చెప్పదు. దాన్ని పుట్టించింది తప్పును దాచకుండా ఎదురెదురుగా పెట్టుకుని మాట్లాడిన అలవాటు.

ఈ వాదన సరైనదైతే, పోయిన బతుకులోంచి ఏది తెచ్చుకోవాలో, ఏది పాతిపెట్టాలో విడదీయడం అంత కష్టం కాదు. మేర అక్కర్లేదు, వెట్టి అక్కర్లేదు, పుట్టుకతో పని అంటగట్టే ఏ పద్ధతీ అక్కర్లేదు. తెచ్చుకోవాల్సింది వస్తువు చేసినవాళ్ల దగ్గరికి తిరిగొచ్చే దారి. తోలుపని నేర్చుకుంటున్నవాళ్లు తాము ఇచ్చిన ప్రతి వస్తువునూ ఏడాది తర్వాత వెనక్కి అడిగి చూడవచ్చు. అమ్మేవాళ్లు ధరలోనే కొన్నేళ్ల మరమ్మతును కలిపి అమ్మవచ్చు. ఏది ఎక్కడ తెగిందో రాసిపెట్టుకుని ఒకరికొకరు చెప్పుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, తెగినదాన్ని రోజూ చూస్తున్న మనుషులు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు. బస్టాండుల దగ్గర, మార్కెట్ల పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాళ్లు ఒక్కరోజులో చూసినన్ని తెగిన అంచులు, ఊడిన కుట్లు, పగిలిన అట్టలు ఏ శిక్షణ తరగతిలోనూ కనబడవు. ఏ కంపెనీ చెప్పు ఎక్కడ ముందు పోతుందో వాళ్లకు తెలుసు, ఆ సంగతి వాళ్లను అడిగేవాళ్లే లేరు. వారాంతాల్లో వేల రూపాయలు తీసుకుని తోలుపని నేర్పే తరగతులకు వాళ్లను అధ్యాపకులుగా పిలిచి, ఇతర అధ్యాపకులకు ఇచ్చే రుసుమే వాళ్లకూ ఇచ్చి, ‘అన్నా’ అనో ‘మామా’ అనో కాకుండా ‘సార్’ అని పిలిస్తే, రెండువైపులా మాట నడిచే పాత అలవాటు మొదటిసారిగా సమానుల మధ్య నడుస్తుంది. పాత ఊరు పనిని వాడుకుని మనిషిని వెలివేసింది. ఇప్పుడు మనం ఆ పనిని సరదాకి నేర్చుకుంటూ ఆ మనిషిని మళ్లీ మరిచిపోతే, ఊరు మారిందని చెప్పుకోవడానికి మనదగ్గర ఏమీ మిగలదు.